కంటికి కనబడని అక్షరము

నల్లగొండలో గాని, మహబూబ్‌నగరములో గాని తహసీలు కచేరి యెదుట కొంతసేపు నిలుచున్నవారికి ఒక దృశ్యము తప్పక కనబడును. వరుసగా జిరాక్సు దుకాణములు. వాని ముందర చేతిసంచులతో రైతులు. సంచిలో పాత పట్టా పుస్తకము, శిస్తు రసీదులు, ఎవరిచేతనో వ్రాయించుకొన్న దరఖాస్తు. దుకాణములోని కుఱ్ఱవాడు మీట నొక్కును. పెట్టె లోపల ఏదో తిరిగిన చప్పుడగును, చిన్న మూలుగు వినబడును, కాగితము బయటికి వచ్చును. దానిని చేత పట్టుకొన్న రైతు ఒకసారి అరచేతితో నిమిరి చూచును. కాగితము వెచ్చగా నుండును. పెనము మీదినుండి దించిన జొన్నరొట్టెవలె నున్నదని ఒక ముసలాయన మాతో అనెను. హాస్యమునకు అన్న మాటయే గాని అందులో సత్యము కలదు. ఆ అక్షరము నిజముగా కాలి వచ్చినదే.

ఆ వెచ్చదనము వెనుకనున్న కథను నేడు చెప్పదలచితిమి. ఆ పెట్టె పేరు లేజర్ ప్రింటరు. అది అమెరికాలో పుట్టినది, జపానులో చిన్నదై చౌకయైనది, మన మండల కేంద్రములకు వచ్చి ముప్పది ఏండ్లు కావచ్చినది. సీసపు అక్షరములతో అచ్చువేయు ప్రెస్సునకు ఇది వారసురాలని సామాన్యముగా అనుకొందురు. మాకు అట్లు తోచదు. దాని పని తీరును పరిశీలించినచో అది ప్రెస్సుకంటె తాటియాకునకే దగ్గరి చుట్టమని కనబడును. ఈ మాట వింతగా నుండవచ్చును. కనుక తాటియాకు నుండియే ఆరంభింతము.

ఈ మెట్టసీమలో తాటిచెట్టు లేని పల్లె అరుదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానముల పండితులు వ్రాసికొన్న గ్రంథములు, పురోహితుల గణితములు, వైద్యుల యోగములు చాలకాలము ఆకులమీదనే నిలిచెను. లేత ఆకులను ఉడికించి, నీడను ఆరబెట్టి, ఒకే కొలతకు కోసి, నునుపు చేసి, రంధ్రము వేసి త్రాటికి గ్రుచ్చెడివారు. వ్రాయువాడు ఎడమచేత ఆకును, కుడిచేత గంటమును పట్టి గీయును. అడ్డగీత గట్టిగా పడినచో ఆకు ఈనెవెంట చీలిపోవును. మన తెలుగు లిపి గుండ్రదనమునకు ఇదియే కారణమని పెద్దలు చెప్పెదరు. గుండ్రదనము మాట యెట్లున్నను ఇక్కడ గమనింపవలసినది మరియొకటి. గంటము సిరా విడువదు. అది గీచిన గీత ఆకు రంగులోనే యుండును. వ్రాసినవానికే తన వ్రాత స్పష్టముగా కనబడదు. పత్రము ముగిసిన పిమ్మట దీపపు మసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి ఆకు నిండ పులిమి, గుడ్డతో తుడిచెదరు. నునుపైన చోట మసి నిలువదు. గీత పడిన చోట చిక్కుకొనును. అప్పుడు అక్షరము నల్లగా పైకి తేలును.

అనగా ఈ వ్రాతలో రెండు అంచెలు కలవు. మొదట కంటికి కనబడని అక్షరము పుట్టును. పిదప మసి వచ్చి దానిని వెతుకుకొని పట్టుకొనును. ఈ రెండు అంచెలను శ్రోతలు మనసున ఉంచుకొనవలెను.

తాటియాకు తరువాత కాగితము వచ్చెను. కోట గల కోయిలకొండ పాలమూరు సీమలో చేతికాగితమునకు పేరు పొందిన ఊరు. దక్కనులో ఈ పని చేయువారిని కాగజీలనెడివారు. జనుపనార, పాతగోనెలు, పనికిరాని కాగితములు నానవేసి, దంచి, గుజ్జు చేసి తొట్టినీటిలో కలిపెదరు. సన్నని పుల్లల చాపను అందులో ముంచి పైకి లేపినచో నీరు జారిపోయి పలుచని పొర నిలుచును. దానిని ఆరబెట్టి, గంజి పూసి, మరల ఆరబెట్టి, నున్నని రాతితో మెరుగు వచ్చుదాక రుద్దెదరు. గంజి లేనిచో సిరా పారిపోవును, మెరుగు లేనిచో కలము నడువదు. ఈ కాగితమునకు ఒక గుణము కలదు. అది మన్నును. ఒక లోపమును కలదు. ఒక పత్రమువలె మరియొకటి యుండదు. ఒకటి మందము, ఒకటి పలుచన, అంచులు వంకర. చేతితో వ్రాయువానికి ఇది లోపమే కాదు. కాగితమును యంత్రమునకు అందింపవలసి వచ్చినప్పుడు గాని దీని కష్టము తెలియదు.

యంత్రము ఈ సీమకు ఆలస్యముగనే వచ్చెను. 1913లో మహబూబ్‌నగరమునుండి బండారు శ్రీనివాసశర్మగారు ‘హితబోధిని’ అను మాసపత్రికను వెలువరించిరి. 1922 ఆగస్టులో నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారి ‘నీలగిరి’ వారపత్రిక బయలుదేరెను. ఆ నెలలోనే ఓరుగల్లు సీమలోని ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’ వెలువడెను. ఫారసీలో షబ్ అనగా రాత్రి, నవీసు అనగా వ్రాయువాడు. ఉర్దూ రాజభాషయై, తెలుగు బడులే అరుదైన ఆ రోజులలో తెలుగు పత్రిక నడుపువాని ఇంటిపేరు అట్లుండుట మాకు ముచ్చటగా తోచును. 1926 మే 10న ‘గోలకొండ పత్రిక’ను హైదరాబాదులో స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారును ఈ సీమవారే. వారి స్వగ్రామము అలంపురము ప్రాంతములోని ఇటిక్యాలపాడు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమన్న మాటకు సమాధానముగా 1934లో వారు 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. ఉన్నారని చెప్పుట వేరు, అచ్చులో చూపుట వేరు.

ఆ అచ్చు వెనుకనున్న శ్రమను నేటివారు ఊహింపజాలరు. తెలుగు కంపోజిటరు ముందర అక్షరముల పెట్టెలు ఆంగ్లము కూర్చువాని పెట్టెలవలె చిన్నవి కావు. అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు కలిసి కొన్ని వందల గళ్లు. ఏ గడిలో ఏ సీసపు ముక్క యున్నదో అతని వ్రేళ్లకు తెలియవలెను, కంటికి కాదు. ఒక్కొక్క ముక్క ఏరి, వరుస పేర్చి, వత్తును క్రింద ఇమిడ్చి, పుట కట్టి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, అప్పుడు ట్రెడిల్ యంత్రమునకు ఎక్కించెదరు. కాలితో తొక్కుచుండగా ఆ యంత్రము నోరు తెరచి మూయుచుండును. తెరచినప్పుడు కుడిచేత కొత్త కాగితమును పెట్టి, ఎడమచేత అచ్చైన కాగితమును తీయవలెను. చేయి ఒక రెప్పపాటు ఆలస్యమైనచో వ్రేళ్లు నలిగిపోవును. కాగితము పెట్టువాడు ముందుగా కట్టను రెండుచేతుల వంచి, విసనకఱ్ఱవలె విప్పి, గాలి పోనిచ్చి, మరల అంచులు దట్టించెడివాడు. రెండు కాగితములు అంటుకొని పోయినచో అచ్చు చెడును. బొటనవ్రేలికి తడి చేసికొని పై కాగితమును మాత్రమే జరుపుట అతని విద్య. ఈ మనిషిని కూడ శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఇతడు మరల వచ్చును.

సీసపు అచ్చులో అక్షరము మొదటినుండియు కనబడునదే, తాకిన తగులునదే. బరువు గలది, క్రింద పడిన చప్పుడగునది. దానికి సిరా పూసి కాగితముపై అదిమిన ముద్ర పడును. తాటియాకు రహస్యము అందులో లేదు. ఆ రహస్యము మరల బయటపడుటకు 1938 వరకు ఆగవలసి వచ్చెను.

ఆ సంవత్సరము అక్టోబరు 22న న్యూయార్కు నగరములోని ఆస్టోరియా అను పేటలో చెస్టర్ కార్ల్‌సన్ అను యువకుడు ఒక చిన్న గదిలో ఒక ప్రయోగము చేసెను. అతని ఉద్యోగము పేటెంటు పత్రములు చూచుట. ప్రతులు వ్రాయలేక విసిగినవాడు. సహాయకుడు ఒట్టో కోర్నై. గంధకము పూసిన జింకు రేకును గుడ్డతో గట్టిగా రుద్దిరి. రుద్దుటచే దానికి విద్యుదావేశము కలిగెను. వేసవిలో మన పిల్లలు దువ్వెనను తలకు రుద్ది కాగితపు ముక్కలను లేపుదురు గదా, అదియే ఇది. గాజుపలకపై సిరాతో తేదీని, ఊరి పేరును వ్రాసి, ఆ పలకను రేకుపై నుంచి, పైనుండి గట్టి దీపము వెలిగించిరి. వెలుగు సోకిన చోటనెల్ల ఆవేశము జారిపోయెను. సిరా గీతల నీడలో మాత్రము నిలిచెను. ఇప్పుడు రేకుమీద అక్షరములున్నవి, కాని ఏ కంటికిని కనబడవు. వానిపై లైకోపోడియము అను మొక్కనుండి తీసిన సన్నని పొడిని చల్లి ఊదిరి. పొడి కొంత ఎగిరిపోయెను, కొంత నిలిచెను. నిలిచినది ఆ తేదీ, ఆ పేరు. మైనపు కాగితమును అదిమి, కొంచెము వేడిచేసి ఆ పొడి అక్షరములను అందులోనికి దింపుకొనిరి.

మొదట కనబడని అక్షరము, పిదప పొడి. గంటమునకు బదులు వెలుగు, గీతకు బదులు విద్యుత్తు. తక్కినదంతయు తాటియాకు పద్ధతియే. కార్ల్‌సన్ మన తాటియాకును చూచెనని మేము చెప్పుట లేదు. ఒకే ఉపాయము రెండుచోట్ల పుట్టుట లోకమున వింత కాదు.

ఈ విద్యను ఇరువదికి మించిన కంపెనీలు త్రోసిపుచ్చినవి. తుదకు రోచెస్టరు నగరములోని హాలాయిడ్ అను చిన్న కంపెనీ దానిని చేపట్టి, గ్రీకు మాటలతో జిరోగ్రఫీ అని పేరు పెట్టెను. ‘పొడివ్రాత’ అని దాని యర్థము. వారి ఉద్దేశము తడి లేని వ్రాత యని. మన తెలుగులో పొడి యన్న మాటకు తడి లేనిది అనియు, చూర్ణమనియు రెండర్థములుండుటచే ఆ పేరు వారి భాషలోకంటె మన భాషలోనే చక్కగా అమరినది. 1959లో వారు 914 అను యంత్రమును విపణికి తెచ్చిరి. కంపెనీ పేరే జిరాక్సుగా మారెను. మన ఊళ్లలో ఆ పేరు యంత్రమునకు, దుకాణమునకు, ప్రతికి కూడ చెల్లుచున్నది.

జిరాక్సు యంత్రమునకు మూలప్రతి ఉండితీరవలెను. ఉన్నదానికి నకలు తీయుటయే దాని పని. మూలప్రతియే లేక, వెలుగుతోనే నేరుగా అక్షరము వ్రాయరాదా అని అడిగినవాడు గారీ స్టార్క్‌వెదర్. ఇతడు కార్ల్‌సన్ ప్రయోగము చేసిన 1938లోనే పుట్టెను. 1960లో లేజరు కిరణము పుట్టెను. 1967లో జిరాక్సు కంపెనీలో పని చేయుచున్న స్టార్క్‌వెదర్‌కు ఈ రెంటిని కలుపు ఆలోచన కలిగెను. పైయధికారులు వలదనిరి. అతడు విడువక, 1971లో ఆ కంపెనీవారి కాలిఫోర్నియా పరిశోధనశాలకు మారి యంత్రమును నడిపించి చూపెను. 1977లో జిరాక్సు 9700 అమ్మకమునకు వచ్చెను. అది గది నిండు యంత్రము. జపానులోని కేనన్ కంపెనీవారు దానిని బల్లమీద పట్టునంత చిన్నది చేసిరి. 1984లో హ్యూలెట్ పాకర్డ్‌వారు ఆ జపాను యంత్రాంగముతోనే లేజర్‌జెట్‌ను వెలువరించిరి. నేడు కచేరి యెదుటి దుకాణములోనున్నది దాని మనుమరాలు.

ఇక పెట్టె మూత తీసి లోపల చూతము.

లోపల చేతికఱ్ఱ లావున నొక గొట్టము కనబడును. దానినే డ్రమ్ము అందురు. దాని పైపూత చీకటిలో విద్యుదావేశమును పట్టి యుంచును, వెలుగు సోకినచో విడిచివేయును. మొదట ఒక రోలరు దాని ఒంటినిండ సమముగా ఋణావేశమును పూయును. ఇది ఆకును నునుపు చేయుట వంటిది. తరువాత లేజరు కిరణము వ్రాయును. కిరణము పుట్టుచోటు కదలదు. దాని యెదుట పలుముఖముల అద్దమొకటి నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. ఒక్కొక్క ముఖము కిరణమును డ్రమ్ముపై ఈ కొననుండి ఆ కొనకు ఒక్కసారి ఈడ్చును. అది ఒక గీత. ఆ గీతలో నలుపు కావలసిన చోట కిరణము వెలుగును, వలదన్న చోట ఆరును. డ్రమ్ము కొంచెము తిరుగును, తరువాతి గీత. అంగుళమునకు 600 చుక్కల లెక్కను ఏ4 కాగితమునకు సుమారు 7,000 గీతలు, గీతకు సుమారు 5,000 చుక్కలు. ఒక్క పుటకు మూడున్నర కోట్ల చుక్కలు. ప్రతి చుక్కవద్దను వెలుగుటయా, ఆరుటయా అను ప్రశ్నకు కంప్యూటరు ముందుగనే సమాధానము సిద్ధపరచవలెను. మన ఆడపడుచులు వాకిట ముగ్గుకు చుక్కలు పెట్టి, ఏవి కలుపవలెనో మనసులో నిర్ణయించుకొనుట వంటిదే ఇది.

వెలుగు సోకిన చోట ఆవేశము తగ్గిపోయెను. అక్షరము పుట్టినది, కాని కనబడదు. ఇప్పుడు మసి రావలెను. ఆ మసి పేరు టోనరు. అది ఒట్టి మసి కాదు. కరగు స్వభావము గల ప్లాస్టిక్కు రేణువులలో నల్లరంగును కలిపిన అతిసన్నని చూర్ణము. దానికిని ఋణావేశమే యిచ్చెదరు. ఋణమును ఋణము త్రోయును గనుక డ్రమ్ముపై ఆవేశము నిలిచిన చోట ఆ పొడి అంటదు. వెలుగు గీచిన చోట అంటుకొనును. కార్ల్‌సన్ రేకుమీద నీడ పడిన చోట పొడి నిలిచెను, ఇందులో వెలుగు పడిన చోట నిలుచును. తేడా అంతే. పిదప కాగితము డ్రమ్ము క్రిందుగా పోవును. కాగితము వెనుకనున్న రోలరు ధనావేశముతో పొడిని తనవైపునకు లాగును. పొడి కాగితముపై దిగును. ఆ క్షణమున అది కాగితముపై చల్లిన పిండివలె నుండును, ఊదినచో పోవును. చివరకు సుమారు రెండువందల డిగ్రీల సెంటిగ్రేడు వేడి గల రోలర్ల నడుమ నలిగినప్పుడు ప్లాస్టిక్కు కరగి కాగితపు పీచులలోనికి అతుకుకొనును. రైతు అరచేతికి తగిలిన వెచ్చదనము ఇదియే.

మరియొక సంగతి చిత్రమైనది. చిన్న యంత్రములలో డ్రమ్ము చుట్టుకొలత 75 మిల్లీమీటర్లు ఉండుట కలదు. కాగితము పొడవు 297. అనగా ఒక్క పుట ముగియుటకు డ్రమ్ము దాదాపు నాలుగు చుట్లు తిరుగవలెను. పుట తలభాగము కాగితముపై దిగుచుండగనే, మిగిలిన పొడిని ఒక రబ్బరు అంచు గీకివేయుచుండును, రోలరు మరల ఆవేశము పూయుచుండును, లేజరు అడుగుభాగమును వ్రాయుచుండును. పలకమీద ఒక చేత వ్రాయుచు ఒక చేత తుడుచుచున్నట్లు. డ్రమ్ముమీద ఒక గీరుపడినచో ఆ మచ్చ పుటలో ప్రతి 75 మిల్లీమీటర్లకు ఒకసారి కనబడును. తెలివిగల మరమ్మతుదారు పెట్టె విప్పకముందే స్కేలుతో మచ్చల నడిమి దూరము కొలిచి, దోషము ఏ రోలరుదో చెప్పగలడు.

తెలుగునకు ఈ చుక్కల పద్ధతి చేసిన మేలు చిన్నది కాదు. సీసపు అచ్చులో ప్రతి గుణింతమునకును, ప్రతి వత్తునకును ముక్కలు పోతపోయవలెను, గళ్లు కావలెను. చుక్కలకు ఏ భాషయైనను ఒకటే. దీనికి ముందు సూదులతో పొడిచి అచ్చువేయు డాట్ మాట్రిక్సు యంత్రములుండెను. వానిలో వచ్చిన తెలుగును చదివినవారికి జ్ఞాపకముండును. తలకట్టు రంపపు పండ్లవలె, వత్తు మసకమచ్చవలె. 1980ల చివరనుండి లేజరుతో కూడిన డీటీపీ కేంద్రములు పట్టణములలో వెలసెను. లేజరు యంత్రములో ట్రేసింగు కాగితముపై అచ్చు తీసి, దానినుండి ఆఫ్‌సెట్ రేకును చేయించి శుభలేఖలు, కరపత్రములు, చిన్న పత్రికలు వేయించిరి. సీసపు గళ్ల యెదుట జీవితము గడపిన కంపోజిటర్లకు పని పోయెను. వారిలో కొందరు కీబోర్డు నేర్చిరి. కొందరు నేర్వలేకపోయిరి.

ఇప్పుడు కాగితము నడక. మా అభిప్రాయమున అక్షరము పుట్టుటకంటె ఇదియే కష్టమైన పని. కిరణము వెలుగుటయు ఆరుటయు తప్పదు. కాగితము తప్పును.

అరలోని కట్టనుండి ఒక్క కాగితము, ఒక్కటే, కదలవలెను. రబ్బరు చక్రము పైనుండి తిరిగి పై కాగితమును ముందుకు జరుపును. దాని వెంట రెండవది రాకుండ అడుగున ఒక గరుకు మెత్త యుండును. ఇక్కడ మూడు రాపిడుల లెక్క కలదు. చక్రమునకు కాగితమునకు నడుమ రాపిడి అన్నిటికంటె ఎక్కువ. మెత్తకు కాగితమునకు నడుమ అంతకు తక్కువ. కాగితమునకు కాగితమునకు నడుమ అన్నిటికంటె తక్కువ. ఈ వరుస నిలిచినంతకాలము ఒక్కటే వచ్చును. రెండవది వచ్చినను మెత్త పట్టి ఆపును. చక్రము అరిగి నునుపెక్కినను, మెత్తపై కాగితపు ధూళి పేరుకొన్నను వరుస తప్పును. ట్రెడిల్‌వద్ద బొటనవ్రేలు తడిచేసికొన్న మనిషి ఇందులో ఉన్నాడు, రబ్బరు చక్రమై యున్నాడు.

పిదప కాగితము ఇంకొక జత రోలర్లవద్దకు వచ్చి క్షణకాలము ఆగును. ఆ రోలర్లు తిరుగక నిలిచియుండును. కాగితపు అంచు వానికి తగిలి, కొంచెము ఉబ్బి, వంకర సరిచేసికొనును. డ్రమ్ముపై పుట తలభాగము వచ్చు వేళకు సరిగా రోలర్లు తిరిగి కాగితమును వదలును. దారిలో చిన్న చిన్న మీటలు కాగితము వచ్చినదా, పోయినదా అని కనిపెట్టుచుండును. రావలసిన వేళకు రాకున్నను, పోవలసిన వేళకు పోకున్నను యంత్రము ఆగి ఎఱ్ఱదీపము వెలిగించును.

ఈ నడకపై మన సీమ గాలికి గట్టి పెత్తనము కలదు. ఏప్రిలు, మే మాసములలో నల్లగొండ, మహబూబ్‌నగరముల ఎండ నలుబది డిగ్రీలు దాటును, గాలిలో తడి యుండదు. కాగితము ఎండి, రాపిడిచే ఆవేశము పట్టి, ఒకదానికొకటి అంటుకొనును. రెండేసి మూడేసి కలిసి పోవును. వానకాలమున దీనికి విపరీతము. తడి పీల్చిన కాగితములో ఆవేశము నిలువక జారిపోవును, పొడి సరిగా దిగదు, అక్షరము పాలిపోవును. వేడి రోలర్లవద్ద ఆ తడి ఆవిరియై కాగితము చుట్టచుట్టుకొనును. కనుకనే మిల్లువారు కట్టను తడి సోకని మైనపు పొరలో చుట్టి పంపెదరు. విప్పిన కట్టను కిటికీవద్ద పడవేయు దుకాణదారు ఆ పొర ఎందుకో ఎరుగడు.

మేము ఒక వర్షాకాలమున ఒక చిన్న పట్టణములో ఒక దుకాణమున నిలిచియుంటిమి. మా ముందర ఒక వృద్ధుడు తన భూమికి సంబంధించిన 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు తీయించుకొనుచుండెను. తెలంగాణములో భూమి తగవు వచ్చినప్పుడెల్ల ఆ పహాణీవరకు పోక తప్పదు. ఎవరి పేర నుండెను, ఎవరు సాగు చేయుచుండిరి అనునది చేతివ్రాతలో అందులో కలదు. 1984లో పటేలు, పట్వారీ వ్యవస్థ పోయినను, 2011లో మీసేవ వచ్చినను, 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినను ఆ పాత పుట విలువ తగ్గలేదు. నేటి యంత్రములు మూలప్రతిని కంటితో చదివి, లోపల చుక్కలుగా మార్చుకొని, లేజరుతోనే అచ్చువేయును. కాగితము సగము లోపలికి పోయెను. కరెంటు పోయెను.

కుఱ్ఱవాడు మూత తీసి కాగితమును లాగి ఆయన చేతికిచ్చెను. పై సగము గట్టిగా నున్నది. క్రింది సగము వేడి రోలర్లవరకు పోలేదు. ముసలాయన ఆత్రముతో సర్వే నంబరుపై వ్రేలు పెట్టి చూపబోయెను. వ్రేలు తీయగా నంబరు లేదు. నల్లని చార మాత్రము మిగిలెను.

“ఏంది బిడ్డా, గీ నంబరు నా చేతికే అంటె గద!”

“పారెయ్ తాతా, అది కాలలే. కరెంటొస్తె ఇంకోటి తీస్త.”

“కాలలే” అన్న ఆ మాట మాకు నచ్చెను. శాస్త్రజ్ఞుడు ఇంతకంటె చక్కగా చెప్పజాలడు. కాని ముసలాయన ఆ కాగితమును పారవేయలేదు. నంబరు చెరిగిన కాగితము పరుల చేతికి పోరాదని నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొనెను.

కాలిన అక్షరమునకును శత్రువులు లేకపోలేదు. సిరా కాగితములోనికి ఇంకును. టోనరు చాలవరకు పైననే అతుకుకొని యుండును. కాగితమును ఒకే మడతపై పలుమార్లు మడచినచో ఆ మడతవద్ద పొర పగిలి రాలును. సర్వే నంబరులో ఒక అంకె సరిగా మడతపైన పడినచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఇంకొక ప్రమాదము తెలియక చేయునది. ముఖ్యమైన కాగితములను వానకు తడవకుండ మెత్తని ప్లాస్టిక్కు సంచులలో దాచెదరు. పీవీసీ అను జాతి ప్లాస్టిక్కును మెత్తబరచుటకు కలిపిన నూనెవంటి ద్రవ్యము మెల్లగా టోనరును కూడ మెత్తబరచును. కొన్ని వేసవులు గడచిన తరువాత తీసి చూచినచో అక్షరములు కాగితమును వదలి సంచికి అంటుకొనియుండును. సంచిని వెలుగునకు పట్టి చదువుకొనవలసినదే. నకళ్లను తెల్లకాగితపు కవరులో పెట్టి, మడవక, ఆ పిదప పెట్టెలో నుంచుట మేలు. మా ఇంట అట్లే చేయుచున్నాము, ఒకసారి పోగొట్టుకొన్న తరువాత.

తాటియాకునకు ఈ భయము లేదు. దానికి పురుగు భయము కలదు, నిప్పు భయము కలదు. కాని మసి చెరిగిపోయినను అక్షరము పోదు, గీత ఆకులోనే యుండును. లిఖిత పుస్తక భాండాగారములలో నేటికిని పాత పత్రములకు నిమ్మగడ్డి నూనె వంటిదానిలో మసి కలిపి మరల పులిమి తుడిచెదరు. రెండు వందల యేండ్లు కనబడకపోయిన పంక్తి మరల నల్లగా లేచివచ్చును. లేజరు యంత్రములో కనబడని అక్షరము డ్రమ్ముపై క్షణములో పుట్టి, మరుచుట్టులో తుడుపబడిపోవును. మనకు మిగులునది మసి మాత్రమే. మసి పోయిన వెనుక వెతుకుటకు గీత ఉండదు.

కరెంటు గంటన్నరకు వచ్చెను. కుఱ్ఱవాడు అరలోని కాగితములను బయటికి తీసి, రెండుచేతుల వంచి, విసనకఱ్ఱవలె విప్పి, గాలి పోనిచ్చి, అంచులు బల్లమీద దట్టించి మరల పెట్టెను. ఈ విద్య నీకెవరు నేర్పిరని అడిగితిమి. ఎవరును నేర్పలేదనియు, అట్లు చేసినచో కాగితము ఇరుక్కొనదనియు చెప్పెను. నకలు వచ్చినది. ముసలాయన ఈసారి దానిని వెంటనే తాకలేదు. బల్లమీద చల్లారనిచ్చి, తరువాత సర్వే నంబరుపై మెల్లగా వ్రేలు రాచి, వ్రేలిని వెలుగునకు పట్టి చూచుకొనెను.